ప్రాచీన నాణేల సేకరణలో ఆగమ ప్రాధాన్యం

ధర్మశాస్త్రాల వ్యవహార ప్రకరణంలో ఒక వస్తువుపై స్వామ్యాన్ని నిర్ణయించేటప్పుడు రెండు అంశాలను ప్రధానంగా పరిశీలిస్తారు. మొదటిది ఆగమం. అంటే ఆ వస్తువు ఎక్కడి నుండి, ఏ విధంగా సంక్రమించిందనే వృత్తాంతం. రెండవది భోగం. అంటే ఆ వస్తువు ప్రస్తుతం ఎవరి అనుభవంలో ఉన్నదనే విషయం. పూర్వక్రమాగతమైన అనుభవాన్ని మినహాయిస్తే భోగం కంటె ఆగమమే బలవత్తరమని యాజ్ఞవల్క్యుని నిర్ణయం. విజ్ఞానేశ్వరుడు మితాక్షరలో ఈ అంశాన్ని విపులంగా చర్చించాడు. ఆ మితాక్షర ననుసరించి 13వ శతాబ్దంలో మూలఘటిక కేతన ‘విజ్ఞానేశ్వరీయము’ రచించడంతో ఈ వ్యవహార పరిభాష తెలుగువారికి సొంతమైంది. వస్తువు చేతిలో ఉన్నంత మాత్రాన హక్కు సిద్ధించదు, అది వచ్చిన దారి చెప్పగలగాలి అనేది ఈ చర్చకు సారం.

ఈ న్యాయం ప్రాచీన నాణేల సేకరణకు అక్షరాలా వర్తిస్తుంది. నాణేలు సేకరించేవారు సాధారణంగా మూడు ప్రశ్నలు వేస్తారు. ఇది ఏ రాజుది? ఎంత అరుదైనది? దీనిపై అక్షరాలు, చిహ్నాలు ఎంత స్పష్టంగా ఉన్నాయి? ఇది ఎక్కడ దొరికింది, ఎవరెవరి చేతులు మారి వచ్చిందనే నాల్గవ ప్రశ్న చాలా సందర్భాల్లో అడగకుండానే మిగిలిపోతుంది. చరిత్ర రచనకు సంబంధించినంతవరకు మొదటి మూడు ప్రశ్నలకు వచ్చే సమాధానాల విలువ ఈ నాల్గవదానిపైన ఆధారపడి ఉంటుంది. ఆగమం తెలియని నాణెం అందమైన వస్తువు కావచ్చు, వెల గల వస్తువు కావచ్చు. సాక్షిగా నిలబెట్టినప్పుడు మాత్రం దాని మాట సందేహాస్పదమే.

ఇక్కడ ఆగమమనే పదంలో రెండు విషయాలు ఇమిడి ఉన్నాయి. నాణెం నేలలో నుండి బయటపడిన చోటు, అక్కడ దానితో పాటు ఉన్న ఇతర నాణేలు, కుండ, పూసలు, మట్టిపొర మొదలైన వివరాలన్నీ ఒక భాగం. బయటపడిన నాటి నుండి నేటి వరకు అది ఎవరి వద్ద ఎంతకాలం ఉన్నది, ఎవరు దానిని చూచి వర్ణించారు అనే క్రమం రెండవ భాగం. మొదటిది చరిత్రకు పనికివస్తుంది. రెండవది ఆ మొదటిదానిని నమ్మవచ్చునా లేదా అని తేలుస్తుంది. ఈ రెండింటినీ విడదీసి చూడడం వల్లనే సేకరణలో అనేక దోషాలు ప్రవేశిస్తున్నాయి.

శాసనానికీ నాణేనికీ గల భేదం

ప్రాచ్య విద్యలలో కృషి చేసేవారికి శిలాశాసనాలతో పరిచయం ఎక్కువ. నాణేలను కూడా అదే దృష్టితో చూడడం వారికి సహజం. రెండింటిపైనా బ్రాహ్మీ లిపి ఉండవచ్చు, రెండింటిపైనా రాజుల పేర్లు ఉండవచ్చు. కాని ఈ రెండింటికీ మౌలికమైన భేదం ఉన్నది. నానాఘాట్ కనుమలోని గుహలో శాతవాహన వంశ మూలపురుషుడైన సిముకుని పేరు చెక్కి ఉన్నది. ఆ గుహను ఎవరూ జేబులో వేసుకొని పోలేరు. శాసనం ఉన్న చోటే దాని ఆగమం. రెండు వేల సంవత్సరాల తరువాత కూడా అది చెదరలేదు. అదే రాజు పేరు గల నాణెం అరచేతిలో ఇమిడిపోతుంది. దానిని నేల మీద నుండి ఎత్తిన క్షణం నుండి దాని ఊరు ఎత్తినవాని జ్ఞాపకంలో మాత్రమే నిలిచి ఉంటుంది. ఆ మనిషి చెప్పకపోయినా, విన్నవాడు వ్రాసుకోకపోయినా నాణెం మిగులుతుంది, ఊరు పోతుంది. పోయిన ఊరిని ఏ సూక్ష్మదర్శినితో వెదకినా నాణెంలో కనిపించదు. లోహ విశ్లేషణ వల్ల అది సీసమో పోటిన్ అనే మిశ్రమలోహమో తెలియవచ్చు. ఏ చేనిలో ఏ కుండలో ఉన్నదో తెలియదు.

వ్రాతప్రతుల విషయంలో ప్రాచ్య కళాశాలల పండితులు ఎంత జాగరూకులో అందరికీ విదితమే. ఒక తాళపత్ర ప్రతిని పరిష్కరణకు స్వీకరించే ముందు అది ఏ గ్రామం నుండి, ఎవరి ఇంటి నుండి వచ్చింది, లేఖకుడెవరు, గద్యలో ఏమున్నది అని విచారిస్తారు. ప్రతి పుట్టుపూర్వోత్తరాలు తెలియకుండా దాని పాఠాన్ని ప్రమాణంగా గ్రహించడం సంప్రదాయం కాదు. ఆ శ్రద్ధలో సగమైనా నాణేల పట్ల చూపకపోవడం విచారకరం.

విడిపోని రాశి చెప్పిన చరిత్ర

ఆగమం నిలిచిన నాణేలు ఏమి చెప్పగలవో తెలియడానికి నాసిక్ ప్రాంతంలోని జోగల్‌తెంబి రాశి ఉత్తమోదాహరణం. 1906లో అక్కడ బయటపడిన వెండి నాణేలు 13 వేలకు పైగా ఉన్నాయి. అవన్నీ క్షహరాత వంశీయుడైన నహపానుడు ముద్రింపించినవే. వాటిలో 9 వేలకు పైగా నాణేలపై గౌతమీపుత్ర శాతకర్ణి తన చిహ్నాలను మళ్లీ ముద్రింపించాడు. నహపానుని ముఖంపైన శాతవాహనుల చైత్య చిహ్నం, ఉజ్జయినీ చిహ్నం పడ్డాయి.

ఈ పునర్ముద్రిత నాణెం ఒక్కటే ఎక్కడో అంగడిలో కనిపించి ఉంటే దానివల్ల తెలిసేది స్వల్పం. నహపానుని తరువాత ఎప్పుడో గౌతమీపుత్రుడు ఉన్నాడని మాత్రమే దాని నుండి ఊహించవచ్చు. వారిద్దరి మధ్య మరొక రాజు ఉన్నాడా లేడా అనేది ఆ ఒక్క నాణెం చెప్పలేదు. జోగల్‌తెంబి రాశి మొత్తంగా పండితుల పరిశీలనకు వచ్చింది కాబట్టి అంత పెద్ద రాశిలో ఈ ఇద్దరి ముద్రలు తప్ప మూడవ రాజు ముద్ర లేదనే విషయం తెలిసింది. నహపానుని వెంటనే గౌతమీపుత్రుడు ఆ ప్రాంతాన్ని స్వాధీనం చేసుకున్నాడనే నిర్ణయానికి అది గట్టి ఆధారమైంది. తన కుమారుడు క్షహరాత వంశాన్ని నిర్మూలించాడని గౌతమీ బాలశ్రీ నాసిక్ గుహలో, పులుమావి 19వ రాజ్యసంవత్సరంలో వేయించిన శాసనానికి ఈ రాశి లోహరూపమైన సమర్థన.

ఇందులో ఒక సూక్ష్మం ఉన్నది. ఒక వస్తువు ఉన్నదని విడి నాణెం చెప్పగలదు. ఒక వస్తువు లేదని చెప్పగలిగేది విడిపోని రాశి మాత్రమే. ‘లేదు’ అనే సాక్ష్యం చరిత్రలో చాలా విలువైనది. తర్కశాస్త్రంలో అనుపలబ్ధికి ప్రామాణ్యం ఉండాలంటే వెదకిన చోటు ఇంతవరకు అని తెలిసి ఉండాలి. రాశిని పంచుకొని, మంచి నాణేలను ఏరి అమ్మి, మిగిలినవాటిని కరిగించినప్పుడు ఆ హద్దు చెరిగిపోతుంది. మిగిలిన నాణేలు ఎంత స్పష్టంగా ఉన్నా వాటికి ‘లేదు’ అని చెప్పే అధికారం ఉండదు.

విదర్భలో అకోలా ప్రాంతానికి చెందిన తర్హాల రాశి రెండవ ఉదాహరణం. 1939లో దొరికిన ఆ రాశిలో 1,500కు పైగా శాతవాహన నాణేలు ఉన్నాయి. మహామహోపాధ్యాయ వాసుదేవ విష్ణు మిరాశీ వాటిని పరిశీలించి ప్రకటించారు. పురాణాలలో పేర్లు గల యజ్ఞశ్రీ, విజయ శాతకర్ణుల నాణేలతో పాటు కుంభ శాతకర్ణి, కర్ణ శాతకర్ణి, శక శాతకర్ణి అనే పేర్లు కూడా అందులో కనిపించాయి. పురాణాల రాజావళిలో ఈ మూడు పేర్లు లేవు. వీరు శాతవాహన వంశపు చివరి కాలానికి చెందినవారని చరిత్రకారులు అంగీకరించడానికి కారణం వారు ఎవరి పక్కన దొరికారనేదే. ఒకే రాశిలోని తెలిసిన రాజులు తెలియని రాజులకు జామీను నిలిచారు. అవే నాణేలు ఒక్కొక్కటిగా నలుగురి చేతులలో పడి ఉంటే, కుంభుడనే పేరు గల నాణెం చదవడంలో పొరపాటుగానో, కల్పితంగానో, స్థానిక నాయకునిదిగానో త్రోసివేయబడి ఉండేది. పురాణాలు మరచిన ముగ్గురు రాజులను రక్షించింది రాశి విడిపోకపోవడమే.

లభ్యస్థలమే వర్గీకరణకు మూలం

19వ శతాబ్దంలో దక్షిణాపథ నాణేలను సేకరించిన ఆంగ్లేయాధికారులలో వాల్టర్ ఇలియట్ ముఖ్యుడు. అమరావతి స్తూపం వద్ద 1845లో తవ్వకాలు జరిపించినవాడు కూడా ఆయనే. ఇలియట్ వంటివారు సేకరించిన నాణేలను ఆధారంగా చేసుకొని 1908లో రాప్సన్ ఆంధ్ర రాజుల, పశ్చిమ క్షత్రపుల నాణేల పట్టికను బ్రిటిష్ మ్యూజియం తరఫున ప్రకటించాడు. ఆ గ్రంథం నేటికీ పరిశోధకులు తెరచి చూడక తప్పనిది. అందులో ఆంధ్ర నాణేలను రాప్సన్ ప్రాంతాల వారీగా విభజించాడు. ఆంధ్రదేశం, చాందా మండలం, అనంతపురం కడప మండలాలు, కోరమండల తీరం, కొల్హాపూర్ ప్రాంతం అని విభాగాలు చేసి, ఆయా చోట్ల కనిపించే లోహాన్ని, చిహ్నాలను, ముద్రణ రీతిని వేరుగా చూపించాడు. రెండు తెరచాప స్తంభాలు గల నౌక చిహ్నమున్న సీసపు నాణేలు కోరమండల తీరానికి చెందినవని చెప్పగలిగింది లభ్యస్థలాలు కొంతవరకైనా నమోదై ఉండడం వల్లనే. ఆ నమోదు లేకపోతే నౌక ఒక బొమ్మ మాత్రమే అయ్యేది. తీరం తెలిసింది కాబట్టి అది సముద్రవ్యాపార చరిత్రకు సాక్ష్యమైంది.

రాప్సన్ కాలానికి కోటిలింగాల, పెద్దబంకూరు పేర్లు పండితలోకానికి తెలియవు. 1960, 70 దశకాలలో రాష్ట్ర పురావస్తు శాఖ పూర్వపు కరీంనగర్ జిల్లాలో జరిపిన పరిశోధనలతో ఈ చిత్రం మారింది. పెద్దబంకూరు తవ్వకాలలో దొరికిన నాణేలు 20 వేలకు పైగా ఉన్నాయి. గోదావరి ఒడ్డున గల కోటిలింగాల నుండి గోబద, నారన, కంవాయ, సమగోప అనే పేర్లు గల నాణేలు, వాటితో పాటు ఛిముక శాతవాహనుని నాణేలు వెలుగులోకి వచ్చాయి. డాక్టర్ పి. వి. పరబ్రహ్మశాస్త్రి వీటిని చదివి ప్రకటించడంతో శాతవాహనుల మూలస్థానమేదనే పాత వివాదం కొత్త మలుపు తిరిగింది. పురాణాలలో శిశుక, సింధుక అనే పాఠాంతరాలతో కనిపించే రాజే ఈ ఛిముకుడని పలువురు విద్వాంసులు అంగీకరించారు. శాతవాహనుల తొలి నివాసం తెలంగాణమని ఒక వర్గం, ప్రతిష్ఠానమే మూలమని మరొక వర్గం వాదించాయి. ఆ వాదం నేటికీ పూర్తిగా సమసిపోలేదు.

ఈ వాదంలో ఏ పక్షం గెలుస్తుందనేది ఇక్కడ ప్రస్తుతం కాదు. గమనింపదగినది మరొకటి ఉన్నది. ఈ వాదానికి ప్రాణం పోసింది ఛిముకుని పేరు కాదు, ఆ పేరు కోటిలింగాలలో దొరకడం. అక్కడి నాణేలలో కొన్ని నేలమీద కనిపించినవి. స్థానికులైన ఔత్సాహికులు వాటిని ఏరి, ఫలానా చోట దొరికినవని చెప్పి పండితులకు చూపించారు. వారు ఆ ఊరి పేరును నాణెంతో పాటు భద్రపరచకుండా ఉంటే, అవి ఏ నగరంలోని వ్యాపారి పెట్టెలోనో ‘దక్కను, అరుదైన నాణెం’ అనే చీటీతో మిగిలేవి. శాతవాహన చరిత్రలో ఒక అధ్యాయమే లేకుండా పోయేది. సేకరణ చేసేవారు చరిత్రకు శత్రువులని కొందరు పురావస్తువేత్తలు చేసే ఆక్షేపణకు కోటిలింగాల సమాధానం. సేకరించినవాడు చోటు చెప్పినంతకాలం అతడు పరిశోధకునికి సహాధ్యాయే.

మచ్చలు సాక్ష్యాలైన తీరు

నల్లగొండ ప్రాంతంలోని అక్కెనపల్లిలో దొరికిన రోమన్ వెండి నాణేల రాశి మరొక విషయాన్ని బోధిస్తుంది. 1,500కు పైగా ఉన్న ఆ నాణేలు ప్రధానంగా అగస్టస్, టైబీరియస్ చక్రవర్తులవి. వాటిలో చాలా నాణేలపై చక్రవర్తి ముఖం మీద గాట్లు ఉన్నాయి. లోహం మంచిదో కాదో పరీక్షించడానికి పెట్టిన గాట్లని కొందరు, పరదేశపు రాజముద్రను చెల్లకుండా చేయడానికి పెట్టినవని మరికొందరు భావించారు. అభిప్రాయం ఏదైనా, అటువంటి గాటు గల నాణెం ఒక్కటి బజారులో కనిపిస్తే సేకరించేవాడు దానిని చెడిపోయినదిగా భావించి వెల తగ్గిస్తాడు. ఆంధ్రదేశపు నేలలో అటువంటివి వందల కొద్దీ కలిసి దొరికాయని తెలిసినప్పుడు ఆ గాటే ముఖ్యమైన సాక్ష్యమవుతుంది. అంగడిలో మచ్చ, ఆగమం తెలిసినచోట ఆధారం.

శాతవాహనుల వెండి నాణేలలో రాజు ముఖం గలవి భాషాశాస్త్రజ్ఞులకు ప్రత్యేకంగా ఆసక్తికరమైనవి. వాటికి ఒకవైపు ప్రాకృత లేఖ, రెండవవైపు ద్రావిడ భాషాలేఖ ఉన్నాయి. రెండవవైపు ‘-కు’ అనే విభక్తి ప్రత్యయం కనిపిస్తుంది. ఆ భాష తమిళమా, తెలుగుకు సన్నిహితమైన దేశిభాషా అనే చర్చ చాలాకాలంగా సాగుతున్నది. రూపాన్ని బట్టి మాత్రమే ఈ చర్చను తేల్చడం కష్టం. ఆ నాణేలు ఏ ప్రాంతపు ప్రజల మధ్య చెలామణి అయ్యాయో తెలిస్తే, ఆ లేఖ ఎవరు చదవడానికి ఉద్దేశించినదో ఊహించవచ్చు. సోపారా స్తూపంలో యజ్ఞశ్రీ వెండి నాణెం దొరికినట్లు స్థలం నిశ్చయంగా తెలిసిన సందర్భం ఒక్కటి, స్థలం తెలియని పది నాణేల కంటె ఈ చర్చకు ఎక్కువగా ఉపకరిస్తుంది. తెలుగు భాషాచరిత్ర వ్రాసేవారికి కూడా నాణెపు ఆగమంతో సంబంధమున్నదని దీనివల్ల స్పష్టమవుతుంది.

పూర్వపక్షాలు, సమాధానాలు

ఆగమానికి ఇంత ప్రాధాన్యం ఇవ్వడాన్ని కొందరు మూడు విధాలుగా ఆక్షేపిస్తారు. మొదటి ఆక్షేపణ ఇది. నాణెం సహజంగా చేతులు మారేది, ఊళ్లు తిరిగేది. అటువంటి వస్తువు దొరికిన చోటుకు అంత విలువ ఎందుకు? అక్కెనపల్లిలో రోమన్ నాణేలు దొరికినంత మాత్రాన అక్కడ రోమన్లు పాలించలేదు కదా? ఈ ప్రశ్న సమంజసమైనదే. లభ్యస్థలం ఒక్కటే పాలనను నిరూపించదు. అయితే వెండి బంగారు నాణేలు దూరదేశాలకు పోతాయి, తక్కువ విలువ గల సీసం, పోటిన్ నాణేలు సాధారణంగా ముద్రించిన ప్రాంతాన్ని దాటి ఎక్కువ దూరం పోవు అనే వివేకం కూడా లభ్యస్థలాలను నమోదు చేయడం వల్లనే కలిగింది. ఒక చోట ఎన్ని దొరికాయి, ఏ లోహానివి, ఏ పొరలో, వేటితో కలిసి అనే వివరాలు చేరినకొద్దీ స్థలసాక్ష్యం బలపడుతుంది. ఆగమం చాలదనే వాదం ఆగమాన్ని ఇంకా వివరంగా వ్రాయాలని చెబుతున్నదే గాని వదలివేయమని చెప్పడం లేదు.

రెండవ ఆక్షేపణ మరింత బలమైనది. ఆగమం లేదని పండితులు నాణెం వైపు చూడకపోతే అది కంసాలి మూసలోకో విదేశాలకో పోతుంది. చూచి ప్రకటిస్తే కనీసం దాని ఛాయాచిత్రమైనా మిగులుతుంది. చాలామంది చిన్న రాజుల పేర్లు ఆ విధంగానే తెలిశాయి. ఈ వాదాన్ని కాదనడానికి వీలులేదు. కాని దీనికి ప్రతిగా మరొక సత్యం ఉన్నది. ఊరూ పేరూ లేని నాణేన్ని ఒక విద్వాంసుడు పత్రికలో ప్రకటించినప్పుడు అంగడిలో దాని వెల పెరుగుతుంది. వెల పెరిగినకొద్దీ పాటిదిబ్బలను రాత్రివేళ తవ్వేవారు పెరుగుతారు. నకిలీలు చేసేవారికి కూడా ఆ ప్రకటనే నమూనా అవుతుంది. కాబట్టి చూడకూడదని చెప్పడం కంటె, చూచినదానిని ఏ మేరకు నమ్మవచ్చునో స్పష్టంగా చెప్పాలని కోరడం ఉచితం. ఆగమం తెలియని నాణేన్ని వర్ణించవచ్చు, దాని మీద సిద్ధాంతం నిర్మించరాదు.

మూడవ ఆక్షేపణ ప్రకారం, చోటు పేరు కూడా కల్పించవచ్చు. పేరుపడిన స్థలం చెబితే వెల పెరుగుతుందని తెలిసిన వ్యాపారి ఎక్కడి నాణేనికైనా ఆ ఊరి పేరు అంటగట్టగలడు. ఇది నిజమే. అందువల్లనే ఆగమానికి కూడా ప్రమాణం కావాలి. లిఖితం, భుక్తి, సాక్షులు అని స్మృతికారులు చెప్పిన మూడు ప్రమాణాలు ఇక్కడ కూడా పనికివస్తాయి. దొరికిన నాడు వ్రాసిన చీటీ లిఖితం. ఎవరి వద్ద ఎంతకాలం ఉన్నదనేది భుక్తి. చూచినవారు సాక్షులు. ఈ మూడూ కలిసినచోట కల్పనకు అవకాశం తగ్గుతుంది. భుక్తి ఒక్కటే ఉన్నచోట సందేహం తప్పదు.

చట్టం చెప్పేది

పోయిన వస్తువు తనదని రాజు ముందుకు వచ్చినవాడు దాని రూపాన్ని, సంఖ్యను సరిగా చెప్పాలని, పోయిన దేశకాలాలను, దాని వర్ణరూప ప్రమాణాలను యథార్థంగా చెప్పలేనివాడు ఆ వస్తువుతో సమానమైన దండనకు అర్హుడని మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయం విధించింది. 1878లో వచ్చిన ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ చట్టం కూడా ఆశ్చర్యకరంగా అదే మార్గాన నడిచింది. పది రూపాయలకు మించిన విలువ గల నిక్షేపం నేలలో దొరికితే, అది ఎటువంటిది, సుమారు ఎంత విలువైనది, ఏ చోట దొరికింది, ఏ తేదీన దొరికింది అనే వివరాలను కలెక్టరుకు వ్రాతపూర్వకంగా తెలపాలని ఆ చట్టం నిర్దేశించింది. రూపం, ప్రమాణం, దేశం, కాలం అనే నాలుగు అంశాలు ప్రాచీన స్మృతిలోనూ ఆధునిక చట్టంలోనూ సమానమే. 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం వంద సంవత్సరాలకు తక్కువ కాని నాణేన్ని పురావస్తువుగా పరిగణించి, ప్రైవేటు వ్యక్తులు దానిని దేశం దాటించడాన్ని నిషేధించింది.

చట్టం అడిగినది సరైనదే అయినా, ఇచ్చే ప్రతిఫలంలో లోపమున్నది. నిక్షేపాన్ని ప్రభుత్వం తీసుకోదలచినప్పుడు అందులోని లోహపు విలువను, దానిపై ఐదవ వంతును చెల్లించాలని 1878 చట్టం చెప్పింది. సీసపు నాణేల కుండకు లోహపు విలువ కడితే చేతికి వచ్చేది ఎంత? లంకెబిందెలు దొరికాయనే మాట ఊరిలో పొక్కితే పోలీసులు వస్తారనే భయం ఒకవైపు, తూకం వెల మాత్రమే వస్తుందనే నిరాశ మరొకవైపు రైతు నోరు మూయిస్తాయి. నోరు మూసుకున్నవాని వెంటే ఊరి పేరు కూడా మాయమవుతుంది. ఇంగ్లండులో 1996 నాటి చట్టం నిక్షేపం దొరికినవారికి అంగడి విలువను అనుసరించి ప్రతిఫలమిచ్చే ఏర్పాటు చేసింది. 1997 నుండి అక్కడ సామాన్యులు తమకు దొరికిన పాత వస్తువులను స్వచ్ఛందంగా చూపించి, దొరికిన చోటును నమోదు చేయించే పథకం నడుస్తున్నది. ఆ విధంగా నమోదైన వస్తువులు పది లక్షలు దాటాయి. ఆ పథకాన్ని యథాతథంగా ఇక్కడికి తేనక్కరలేదు. చెప్పినవానిని నేరస్థునిగా చూడకుండా గౌరవించాలనే సూత్రం మాత్రం గ్రహింపదగినది.

చేయదగిన పనులు

ప్రభుత్వం చట్టాన్ని మార్చే వరకు వేచి ఉండకుండా కళాశాలలు, పరిశోధకులు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. మొదటిది నమోదు పుస్తకం. కళాశాల వస్తుసంగ్రహంలోని ప్రతి నాణేనికి బరువు, కొలత, లోహం, లేఖ మాత్రమే కాక, దొరికిన గ్రామం, పొలం, దొరికిన సందర్భం, తోడుగా దొరికినవి, తెచ్చి ఇచ్చినవారు, వారికి ఎవరి ద్వారా వచ్చింది, ఎప్పుడు వ్రాసుకున్నది అనే అంశాలకు గడులు ఉండాలి. తెలియని గడిలో ఊహను నింపకుండా ‘తెలియదు’ అని వ్రాయాలి. ఊహ ఒకసారి నమోదు పుస్తకంలోకి ఎక్కితే రెండవ తరానికి అదే ప్రమాణమై కూర్చుంటుంది.

రెండవది వర్గీకరణ. పరిశోధన పత్రికలలో నాణేలను ప్రకటించేటప్పుడు తవ్వకాలలో దొరికినవి, చెదరని రాశిగా నమోదైనవి ఒక తరగతి. చోటు తెలిసి సాక్షులు గలవి రెండవ తరగతి. ఆగమం తెలియనివి మూడవ తరగతి అని విభజించి చూపించడం మేలు. పాఠకుడు ఏ సాక్ష్యాన్ని ఎంతవరకు నమ్మాలో తానే నిర్ణయించుకోగలుగుతాడు. వంశక్రమం, రాజ్యవిస్తృతి, భాషావ్యవహారం వంటి విషయాలను నిర్ణయించడానికి మూడవ తరగతి నాణేన్ని ఏకైక ఆధారంగా చూపే వ్యాసాన్ని సంపాదకులు తిప్పి పంపడానికి సంకోచించనక్కరలేదు.

మూడవది శుభ్రత పేరుతో జరిగే నాశనాన్ని ఆపడం. దొరికిన నాణేన్ని వెంటనే చింతపండుతో తోమి మెరిపించడం వాడుకలో ఉన్నది. దానికి అంటిన మట్టి, తుప్పులో మిగిలిన గుడ్డ నేత గుర్తులు, ఒకదానికొకటి అతుక్కుపోయిన నాణేల వరుస అన్నీ ఆగమంలో భాగాలే. అదేవిధంగా పాత సేకరణల్లోని కాగితపు పొట్లాలను, వెనుకటి యజమాని చేతివ్రాత చీటీలను చెత్తగా పారవేయడం తగదు. చాలా సందర్భాల్లో నాణేనికి మిగిలిన ఒకే లిఖిత ప్రమాణం ఆ చీటీయే.

నాల్గవది విద్యార్థుల సహకారం. ప్రాచ్య కళాశాలల విద్యార్థులలో గ్రామాల నుండి వచ్చేవారు ఎక్కువ. నాగలికి కుండ తగిలిందనే వార్త పురావస్తు శాఖ కంటె ముందు వారికే చేరుతుంది. శాసనాల నకలు తీయడం నేర్పినట్లే, నాణెం దొరికినప్పుడు ఏమేమి అడిగి వ్రాసుకోవాలో, ఎవరికి తెలియజేయాలో నేర్పితే ఆ వార్త వదంతిగా కాక ఆధారంగా నిలుస్తుంది.

ఈ పనులలో ఒకటి మాత్రం వాయిదా వేయడానికి వీలులేనిది. కళాశాలల బీరువాలలోనూ గృహసంగ్రహాలలోనూ ఉన్న నాణేలలో అనేకం ఇరవై ముప్పై సంవత్సరాల క్రితం ఊళ్ల నుండి వచ్చినవి. అవి ఏ ఊరివో తెలిసిన వృద్ధులు కొందరు ఇంకా ఉన్నారు. కోటిలింగాల పరిసరాలకు శ్రీపాద ఎల్లంపల్లి జలాశయపు వెనుక జలాలు చేరిన తరువాత, నాణేలు ఏరిన ఒడ్డు ఎక్కడిదో చూపగలిగేవారి మాటకు విలువ ఇంకా పెరిగింది. నాణెం మరొక వెయ్యేళ్లు ఉండగలదు. దాని ఊరు తెలిసిన మనిషి అంతకాలం ఉండడు. వారి వద్దకు పోయి, నాణేన్ని ఎదుట ఉంచి, విన్నది విన్నట్లుగా వ్రాసి, తేదీ వేసి, సంతకం చేయించి నమోదు పుస్తకంలో చేర్చడం ప్రతి సంస్థ ఈ విద్యాసంవత్సరంలోనే చేపట్టవలసిన కర్తవ్యం.